ఇసుకను కాదు, చేతిని నమ్ముకోండి

గూడూరు నుంచి సముద్రం వైపు చిల్లకూరు, కోట మండలాల మీదుగా వెళ్తే సిలికా ఇసుక గుంతలు, ఇసుక కడిగే ప్లాంట్లు, టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ లారీలు కనిపిస్తాయి. ఎక్కడెక్కడి గాజు ఫ్యాక్టరీలకో పోయే ఇసుక ఇది. అదే ఇసుక కిటికీ అద్దంగా, సీసాగా, షోకేసు బొమ్మగా మారి తిరిగి మన ఇళ్లకే వస్తుంది. మధ్యలో పెరిగిన విలువలో ఈ ఊళ్లకు దక్కేది తవ్వినందుకు, ఎత్తినందుకు, తోలినందుకు ఇచ్చే కూలి మాత్రమే.

ఆ విలువలో కొంతైనా ఇక్కడే నిలవాలని, గాజు కళ ఈ తీరంలో కొందరికి బతుకుతెరువు కావాలని నా కోరిక. ఇసుక ప్లాంట్లలో పనిచేసేవాళ్లు, నెల్లూరు, గూడూరు గాజు దుకాణాల్లో అద్దాలు కోసేవాళ్లు, అల్యూమినియం తలుపులు బిగించేవాళ్లు, ఐటీఐ చదివి రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, డ్వాక్రా సంఘాల్లో కొత్త పని వెతుక్కునేవాళ్లు, వీళ్లందరినీ దృష్టిలో పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. ‘ఇసుక మన కాళ్ల కిందే ఉంది, దాన్ని కరిగిస్తే గాజు మనదే’ అని చాలామంది అనుకుంటారు. సిలికా ఒక్కటే కరగాలంటే సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సోడా, సున్నం కలిపి ఆ వేడిని తగ్గించినా ఫ్యాక్టరీ కొలిమి 1500 డిగ్రీల దాకా మండాల్సిందే. ఆ కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. పైగా ఇసుకలో ఇనుము కాస్త ఎక్కువైనా గాజు పచ్చబారుతుంది, కరుగు సరిగా కుదరకపోతే బుడగలు నిలిచిపోతాయి. చిన్న షెడ్డులో, అప్పు తెచ్చిన డబ్బుతో చేయగలిగిన పని కాదది.

ఆధునిక గాజు కళ మొదలైన చోట కూడా ఇదే తేలింది. అమెరికాలో హార్వీ లిటిల్‌టన్ అనే కుండల పని అధ్యాపకుడు 1962లో టొలీడో మ్యూజియం ఆవరణలోని ఒక గరాజులో చిన్న కొలిమి పెట్టాడు. ఫ్యాక్టరీ గోడల మధ్యే ఉండిపోయిన గాజు ఊదే పని ఒక కళాకారుడు ఒంటరిగా చేయగలడా అని చూడటమే ఆయన ఉద్దేశం. ఆయన బృందం కలిపిన ముడి సరుకు సరిగా కరగలేదు. అప్పుడు డొమినిక్ లబీనో అనే గాజు శాస్త్రజ్ఞుడు ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే రెడీమేడ్ గాజు గోళీలు తెచ్చి ఇచ్చాడు. అవి కరిగాయి, పని నడిచింది. ఈనాటి స్టూడియో గాజు ఉద్యమం అంతా అక్కడినుంచి పెరిగిందే. పెద్ద మ్యూజియం అండ ఉన్నవాళ్లే తయారైన గాజుతో మొదలుపెట్టారు. మనమూ అలాగే మొదలుపెడదాం. మన ముడి సరుకు ఇసుక కాదు, గాజు దుకాణం వెనక పోగుపడే ముక్కలు.

అలాగని ఇక్కడ గాజుకు సంప్రదాయం లేదని కాదు. గూడూరు నుంచి వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట పోయే రైలు దారిలో ఏర్పేడు వస్తుంది. ఆ మండలంలోని పాపానాయుడుపేట పేరు ప్రపంచంలో పూసల చరిత్ర చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. మన జిల్లాల్లోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగించే విషయం. అక్కడి పనివాళ్లు పెద్ద గాజు ముద్దను ‘లాడా’ అనే ఇనుప గొట్టం చివర చేర్చి, శంకువు ఆకారానికి తెచ్చి, నడిమిన బోలుగా చేసి కొలిమిలో ఉంచుతారు. మొన నుంచి ఒక పనివాడు గాజును లాగడం మొదలుపెడితే సన్నటి బోలు తీగ గంటల తరబడి తెగకుండా వస్తూనే ఉంటుంది. ఆ తీగను మూరలుగా విరిచి, మళ్లీ పూసలుగా తరిగి, బూడిదలో కలిపి వేడి చేస్తే అంచులు నునుపుదేలతాయి. 1980లలో మారియాన్ స్టెర్న్, పీటర్ ఫ్రాన్సిస్ వంటి పరిశోధకులు ఈ పనిని దగ్గరుండి చూసి రాశారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్లకు పూర్వం తయారై, ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా దాకా సముద్రం మీద వ్యాపారమైన పూసలు ఎలా చేసి ఉంటారో వాళ్లకు అర్థమైంది ఈ పనివాళ్ల చేతులు చూశాకే.

ఉద్యోగ సలహాలో ఈ చరిత్ర దేనికంటే, ఆ కొలిమి దగ్గర ఉన్న క్రమశిక్షణే ఈనాటి గాజు కళాకారుడికీ కావలసింది. వేడిని రంగు చూసి పోల్చుకోవడం, లాగే వేగం మారకుండా చూసుకోవడం, నలుగురూ ఒక్క ఊపులో పనిచేయడం, వేడి గాజును తొందరపెట్టకపోవడం. ఇవి వచ్చాక చేసే ప్రయోగం నిలుస్తుంది. ఇవి రాకుండా చేసినది అదృష్టం బాగుంటే ఒకసారి కుదురుతుంది, మళ్లీ చేయమంటే చేయలేరు. మళ్లీ చేయలేని వస్తువు మీద ఆర్డరు ఎలా ఒప్పుకుంటారు?

కాబట్టి మొదటి మెట్టు కోత. ఇప్పటికే గాజు దుకాణంలో పనిచేస్తున్నవాళ్లు ఈ మెట్టు ఎక్కేసినట్టే. డైమండ్ కట్టరుతో గీత ఒక్కసారే గీయాలి, రెండోసారి గీస్తే ముక్క పక్కకు పగులుతుంది. వంపు కోతలు, గుండ్రాలు, అంచు గ్రైండింగ్, పాలిష్ చేతికి అలవాటయ్యే దాకా బట్టీ కొనే ఆలోచన పెట్టుకోవద్దు. కొత్తవాళ్లు జీతం తక్కువైనా ఆరేడు నెలలు ఒక గాజు దుకాణంలో చేరండి. టఫెన్డ్ గాజును కోయలేమని, మామూలు గాజు అంచు పచ్చగా ఎందుకుంటుందో, ఏ మందం ఏ తలుపుకు సరిపోతుందో అక్కడ తెలిసినంత బాగా ఏ పుస్తకంలోనూ తెలియదు.

రెండో మెట్టు బట్టీ. గాజు ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చి కరిగించి అతకడాన్ని ఫ్యూజింగ్ అంటారు. దీనికి చిన్న ఎలక్ట్రిక్ బట్టీ చాలు. మామూలు కిటికీ గాజు 800 డిగ్రీల పైన పూర్తిగా అతుకుతుంది. ఇంకాస్త తక్కువ వేడిలో ముక్కల ఆకారం నిలిచి అంచులు మాత్రమే మెత్తబడతాయి. 700 డిగ్రీల దగ్గర పలక అచ్చులోకి వంగుతుంది. ఈ అంకెలు మీ బట్టీని బట్టి ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి మొదటి నెలంతా చిన్న ముక్కలతో పరీక్షలకే పెట్టండి. కిటికీ గాజుకు ఒక పక్క కంటికి కనిపించని తగరపు పొర ఉంటుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలో దాన్ని కరిగిన తగరం మీద తేలుస్తూ తయారుచేస్తారు. ఆ పక్క ఏదో చెప్పే చిన్న అల్ట్రావయొలెట్ దీపం దొరుకుతుంది. అన్ని పలకలనూ ఒకే వైపు ఉంచి పేర్చకపోతే ఒక్కోసారి ఒక్కో ఫలితం వచ్చి తల పట్టుకుంటారు.

అసలు పని చల్లార్చడంలో ఉంది. గాజు పైపొర ముందు చల్లారుతుంది, లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతుంది. ఆ తేడా లోపల బిగువుగా మిగిలితే వస్తువు బట్టీలో పగలకపోవచ్చు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లాక ఏ అర్ధరాత్రో టప్పుమని పగులుతుంది. అందుకే 550 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపి, అక్కడినుంచి 400 డిగ్రీల లోపుకు మెల్లగా దించాలి. నాలుగు మిల్లీమీటర్ల పలకలు రెండు అతికితే గంట నిలపడం, ఆ తర్వాత గంటకు అరవై డెబ్బై డిగ్రీల చొప్పున దించడం సురక్షితం. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు చాలదు, ఇంకా చాలా ఎక్కువ కావాలి. తెల్లారి బట్టీ గది చల్లదనానికి వచ్చేదాకా తలుపు తీయొద్దు. లోపల ఏమైందో చూడాలని అందరికీ ఆత్రంగానే ఉంటుంది, ఆ ఆత్రమే సగం వస్తువులను పగలగొడుతుంది.

మన తీరంలో ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆగిన చోటి నుంచే కొనసాగే కంట్రోలరు ఉన్న బట్టీనే కొనండి. మధ్యలో పోతే తలుపు ముట్టుకోకండి, మంచి ఇటుక కట్టిన బట్టీ తనంతట తాను మెల్లగానే చల్లారుతుంది. పెద్ద పలకల ఆర్డర్లకు ఆ మూడు నెలల్లో గడువు ఒప్పుకోకండి. రెండోది ఉప్పుగాలి. బట్టీ వైర్ల కనెక్షన్లు తుప్పు పడతాయి, అప్పుడప్పుడూ విప్పి శుభ్రం చేయాలి. గాజు పలకలను ఆనించి పెడితే మధ్యలో తేమ చేరి ఇంద్రధనుస్సు రంగుల మరకలు పడతాయి, అవి తుడిస్తే పోవు. పలకల మధ్య కాగితం పెట్టి, నేలకు ఎత్తుగా, నిలువుగా ఉంచండి.

ఇక ప్రయోగాలు. అన్ని గాజులూ ఒక్కటి కావు. వేడికి ఒక్కో గాజు ఒక్కో కొలతలో వ్యాకోచిస్తుంది. బీరు సీసా ముక్కను కిటికీ గాజు మీద పెట్టి కరిగిస్తే అందంగా అతుకుతుంది, వారం తర్వాత విడిపోవచ్చు. ఏ రెండు గాజులను కలిపినా ముందు చిన్న ముక్కలతో అతికి పరీక్షించాలి. దీనికి లాబొరేటరీ అక్కర్లేదు. ఎల్‌సీడీ కంప్యూటర్ తెరను తెల్లగా వెలిగించి, దాని ముందు గాజు ముక్కను పట్టుకుని, పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని, తెర నల్లబడే దాకా తల పక్కకు వంచి చూడండి. అతుకు చుట్టూ వెలుగు వలయం కనిపిస్తే లోపల బిగువు ఉన్నట్టు. అలాంటిది అమ్మకండి.

మన నేల ఇచ్చే అసలైన అవకాశం నా దృష్టిలో అభ్రకం. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతపు అభ్రకం గనులు ఒకప్పుడు దేశదేశాలకు సరుకు పంపినవి. రెండు గాజు పలకల మధ్య పలచటి అభ్రకం పొరలు, పొడి ఉంచి కరిగిస్తే అది తనలోని నీటిని వదిలి వెండిలా తెల్లబడుతుంది, వెలుతురు తగిలితే మెరుస్తుంది. చిక్కల్లా ఆ వదిలిన ఆవిరి బుడగలుగా చిక్కుకోవడమే. పొరను ముందే విడిగా కాల్చి, అంచుల దాకా పరచకుండా గాలి పోవడానికి దారి వదిలి, వేడిని మెల్లగా పెంచితే బుడగలు తగ్గుతాయి. ఎంత తగ్గాలో, ఎంత ఉంటే అందమో తేల్చుకోవడమే మీ కళ. నెల్లూరు అభ్రకంతో చేసిన గాజు పలక అని చెప్పి అమ్మగలిగితే ఏ ఊరి సరుకూ దానికి పోటీ రాదు. రాగి రేకు, రాగి తీగ కూడా ప్రయత్నించండి, గాజులో అది ఎరుపు, నీలి, ఆకుపచ్చ ఛాయలు ఇస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్నాం కదా అని గవ్వలు, గుల్లలు మాత్రం లోపల పెట్టకండి. అవి వేడికి పచ్చి సున్నమై, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బి గాజును చీలుస్తాయి.

ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చండి. గాజు, మందం, వేడి, నిలిపిన సమయం, లోపల పెట్టిన పదార్థం, చల్లార్చిన తీరు అన్నీ నోటుపుస్తకంలో తేదీతో రాయండి, ముక్క మీద అంకె గీయండి. అభ్రకం కొత్తగా పెట్టిన రోజునే వేడి కూడా మారిస్తే, బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. పాపానాయుడుపేట పనితనం కూడా ఇలా తరతరాలుగా ఒక్కొక్కటే మార్చి చూసి నిలుపుకున్నదే అయి ఉండాలని నా నమ్మకం.

ఈ రంగంలో భారతీయులు ఎంత దూరం వెళ్లారో తెలిస్తే ధైర్యం వస్తుంది. ఢిల్లీలో హేమీ బావా బట్టీలో అచ్చుపోసిన గాజు శిల్పాలతో పేరు తెచ్చుకున్నారు. అంజలీ శ్రీనివాసన్ తాకితే స్పందించే గాజు పలకలు చేసి, 2016లో స్వరోవ్‌స్కీ సంస్థ ఇచ్చే ‘డిజైనర్స్ ఆఫ్ ద ఫ్యూచర్’ అవార్డు అందుకున్నారు. వీళ్ల పనిని ఫోటోల్లో చూడండి, కానీ అదే చేయాలనుకోకండి. మీరు వెతకాల్సింది వాళ్లు గాజుతో ఏ ప్రశ్న వేశారనేది.

ఊపిరితిత్తుల విషయం మాత్రం నెమ్మదిగా చదవండి. సిలికా ధూళి కంటికి కనిపించనంత సన్నగా లోపలికి వెళ్లి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బుకు నయం చేసే మందు లేదు. అది వచ్చినవాళ్లకు క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. గాజు మీద బొమ్మలు చెక్కే శాండ్ బ్లాస్టింగ్‌కు చౌకగా దొరుకుతుందని ఈ తీరపు సిలికా ఇసుకనే వాడాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. వద్దు, ఎంత చౌకైనా వద్దు. బ్రిటన్ పోత పోసిన లోహపు వస్తువులను ఇసుకతో బ్లాస్ట్ చేయకూడదని 1949లోనే నిబంధన చేసింది. అల్యూమినియం ఆక్సైడ్ పొడి వాడండి, అదీ మూసిన క్యాబినెట్‌లో, ధూళి లాగే ఫ్యాన్‌తో. గ్రైండింగ్ ఎప్పుడూ నీళ్లు పోస్తూనే చేయాలి. నేల ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దేన్నీ ఆపదు, ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు కనీస అవసరం. బట్టీ అరకు పూసే పొడి, సిరామిక్ ఫైబర్ కాగితం ముట్టుకునేటప్పుడూ అది ఉండాల్సిందే. గాజును ఆమ్లంతో తొలిచే ఎచింగ్‌కు వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా ఎముక దాకా వెళ్లి ప్రాణం తీయగలదు కాబట్టి చిన్న షెడ్డులో దాని జోలికి అసలు పోవద్దు. దీపపు మంట మీద పూసలు చేసేవాళ్లకు కళ్లను కాపాడే డిడిమియం అద్దాలు కావాలి, మామూలు నల్లద్దాలు చాలవు.

ఇప్పటికే ఇసుక ప్లాంట్లలో ఏళ్లుగా పనిచేసినవాళ్లు ఈ పనికి రాకముందే ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ఎక్కడ ఏ పని చేశారో డాక్టరుకు చెప్పండి. సిలికోసిస్ చట్టప్రకారం అధికారులకు తెలియజేసి తీరాల్సిన వృత్తివ్యాధి. దగ్గును ‘సీజన్ దగ్గు’ అని వదిలేయకండి.

కొనేవాళ్లు ఎవరు? షోకేసులో పెట్టుకునే కళాఖండాలతో మొదలుపెట్టొద్దు. మన ఇళ్లలో పూజగది తలుపుకు గాజు పలక పెట్టించుకుంటారు, దాని మీద దీపమో, గంటల బొమ్మో ఎచింగ్ చేయిస్తారు. కొనే అలవాటు ఇప్పటికే ఉన్న చోటది. అక్కడ అభ్రకంతో మెరిసే ఫ్యూజింగ్ పలక ఒకటి చూపించండి. తలుపుకు బిగించే పలక వెనక లామినేషన్ చేయించాలి, పగిలితే పిల్లల మీద పడకూడదు. తర్వాత ఇంటి పేరు పలకలు, హోటల్ గోడలు, చెన్నైలో ఇంటీరియర్ పనులు చేసే ఆర్కిటెక్టులు. డ్వాక్రా మహిళలకు గాజు పూసల నగలు బాగా సరిపోతాయి, సరస్ మేళాల్లో వాళ్లకు నేరుగా అమ్ముకునే దారి ఉంది.

ధర కట్టేటప్పుడు పగిలినవాటిని లెక్కలో వేయండి. ఒక బట్టీకి నాలుగు పలకలు పెట్టి, గాజు, కరెంటు, మీ కూలి, అద్దె కలిపి 1600 రూపాయలు అయిందనుకుందాం. ఒకటి పగిలితే ఒక్కోటి 400 కాదు, 533 రూపాయలు పడినట్టు. దాని మీద లాభం వేయాలి. మీ కూలి వేసుకోకుండా అమ్మితే మొదటి ఏడాదిలోనే పని మీద విరక్తి వస్తుంది.

నేర్చుకోవడానికి మన దగ్గర్లో గాజు ఊదే బడి ఉందని ఆశపెట్టలేను. కోల్‌కతాలో 1950లో మొదలైన కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ ఉంది, ఫిరోజాబాద్‌లో గాజు పరిశ్రమ అభివృద్ధి కేంద్రం ఉంది. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో సిరామిక్, గాజు డిజైన్ చదువు ఉంది. ఢిల్లీలో రేష్మీ దే నడిపే గ్లాస్ సూత్ర స్టూడియోలో గాజు ఊదడం నేర్పే శిక్షణలు ఉంటాయి. సైన్సు మీద ఇష్టం ఉన్న ఐటీఐ కుర్రాళ్లు బెంగళూరు ఐఐఎస్‌సీ వంటి చోట్ల ప్రయోగశాలల గాజు సామాను చేసే విభాగాలుంటాయని గుర్తుపెట్టుకోండి. అది జీతం వచ్చే నైపుణ్యం, అందులో ఆరితేరినవాళ్లు అరుదు.

డబ్బు విషయానికొస్తే, 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల జాబితాలో గాజు పని లేదు. అది ఇప్పిస్తానని ఎవరైనా కమీషన్ అడిగితే ఇవ్వకండి. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయం ఇచ్చే ‘పెహచాన్’ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి, మేళాలకు, శిక్షణలకు అదే పనికొస్తుంది. బట్టీకి అప్పు కావాలంటే స్వయం ఉపాధికి కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకం కింద గ్రామాల్లో జనరల్ కేటగిరీకి 25, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది. అది కొత్త యూనిట్లకే ఇస్తారు, అంటే షెడ్డు నడపడం మొదలుపెట్టాక వెళ్తే రాదు. ముందుగా జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి ఆ ఏటి నిబంధనలు అడిగి, ఆ తర్వాతే బట్టీకి అడ్వాన్సు కట్టండి.

ఈలోగా ఇప్పుడున్న ఉద్యోగం మానొద్దు. బట్టీ రాత్రి ఎక్కించి తెల్లారి దించే పని కాబట్టి పగటి షిఫ్టుతో నడుస్తుంది. ఒకే డిజైన్ పలకను వరసగా పదిసార్లు పగలకుండా, ఒకే రంగులో తీయగలిగిన రోజున మొదటి ఆర్డరు తీసుకోండి, సగం డబ్బు ముందే అడగండి.